బాస్ బోటు 5200 ఆర్‌పీఎం దగ్గరే ఆగిపోతోందా? ప్రాప్ కొనేముందు ఇవి చూడండి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ బాస్ బోటు (బాస్ అనే చేపల్ని పట్టడానికి వాడే వేగమైన బోటు), సెకండ్ హ్యాండ్. వెనకాల 250 హార్స్‌పవర్ వీ6 ఫోర్‌స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే ఇంజన్), గేర్ నిష్పత్తి 1.75. ప్రాప్, అంటే ప్రొపెల్లర్, స్టెయిన్‌లెస్ స్టీల్, మూడు రెక్కలు, 25 పిచ్. ఏప్రిల్‌లో కొన్నప్పుడు టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్‌లో ఫుల్ థ్రాటిల్‌కి 5850 ఆర్‌పీఎం, జీపీఎస్‌లో గంటకు 71 మైళ్లు చూశారు. ఇప్పుడు ఆగస్టులో అదే చెరువులో 5200 దాటడం లేదు, స్పీడు 63. హోల్ షాట్ (ఆగి ఉన్న బోటు ఒక్కసారిగా లేచి పరుగందుకోవడం) కూడా మందకొడిగా ఉంది, ముక్కు కిందికి దిగడానికి చాలాసేపు పడుతోంది. ఒక ఫ్రెండ్ 23 పిచ్‌కి దిగమన్నారు. ఇంకొకరు వేసవంతా డాక్‌లో నీళ్లలోనే ఉంచారు కాబట్టి అడుగున నాచు పట్టిందన్నారు. మూడో ఆయన మాన్యువల్‌లో రేంజ్ 5000 నుంచి 6000 అని ఉంది కదా, 5200 అంటే రేంజ్‌లోనే ఉన్నట్టు, వదిలేయమన్నారు. ప్రాప్ మారిస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. ఇప్పుడే ప్రాప్ మారిస్తే అసలు జబ్బు కనిపించకుండా పోతుంది, తగ్గదు. ఎందుకంటున్నానో మీ అంకెలతోనే చూపిస్తాను.

ప్రాప్ పిచ్ 25 అంటే, నీరు గట్టి పదార్థమై మర మేకులాగా దిగితే ఒక్క చుట్టుకి 25 అంగుళాలు ముందుకెళ్లాలని అర్థం. నీరు గట్టిది కాదు కాబట్టి కొంత జారుతుంది, దాన్నే స్లిప్ అంటాం. లెక్క తేలికే. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించండి. గేర్ నిష్పత్తిని 1056తో గుణించి, వచ్చిన దానితో ముందు అంకెను భాగించండి. వచ్చేది జారుడు లేకుండా బోటు వెళ్లాల్సిన స్పీడు, గంటకు మైళ్లలో. ఏప్రిల్ లెక్క: 5850ని 25తో గుణించి 1848తో భాగిస్తే 79.1 మైళ్లు. నిజంగా వెళ్లింది 71. అంటే స్లిప్ పది శాతం పైచిలుకు. ఆగస్టు లెక్క: 5200తో అదే చేస్తే 70.3. నిజంగా వెళ్లింది 63. స్లిప్ మళ్లీ పది శాతం పైచిలుకే.

రెండు సార్లూ స్లిప్ ఒకటే ఉండటం చాలా పెద్ద సమాచారం. ప్రాప్ నీటిని ఏప్రిల్‌లో ఎలా పట్టిందో ఇప్పుడూ అలాగే పడుతోంది. రెక్క వంగినా, హబ్ (ప్రాప్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే మధ్య భాగం) జారుతున్నా, ప్రాప్ గాలి పీలుస్తున్నా స్లిప్ పెరగాలి. నాచు పట్టి అడుగు గరుకెక్కినా, బోటు లోపలి ఫోమ్‌లో నీళ్లు చేరి బరువెక్కినా కూడా స్లిప్ పెరగాలి, ఎందుకంటే అదే ఆర్‌పీఎంలో ప్రాప్ ఎక్కువ బరువు తోయాల్సి వస్తుంది. ఏదీ పెరగలేదు. కాబట్టి నాచు ఉంటే కడగండి, మంచిదే, కానీ మీ 650 ఆర్‌పీఎం అక్కడ లేవు.

ఇంకో మెట్టు ముందుకెళ్దాం. స్లిప్ మారనప్పుడు ప్రాప్ లాక్కునే పవర్ ఆర్‌పీఎం మూడో ఘాతాన్ని బట్టి మారుతుంది. 5200ని 5850తో భాగిస్తే 0.89, దాని ఘనం 0.70. ఏప్రిల్‌లో ప్రాప్‌కి 250 హార్స్‌పవర్ అందిందనుకుంటే ఇప్పుడు 175 అందుతోంది. ఆరోగ్యంగా ఉన్న అదే ఇంజన్ 5200 దగ్గర 225, 230 దాకా ఇవ్వాలి. మోటు లెక్కే అనుకోండి, అయినా సుమారు 50 హార్స్‌పవర్ ఎక్కడో మాయమవుతోంది. ఆరు సిలిండర్లలో ఒకటి పని మానేసినంత. ఆగస్టు ఎండకి గాలి పలచబడి కొంత పవర్ తగ్గే మాట నిజమే, చన్నీటి కాలంలో 5850 తిరిగింది ఎండాకాలంలో 5700కి దిగడం మామూలే. 5200కి దిగడం మామూలు కాదు.

ఇప్పుడు 23 పిచ్ సలహా చూడండి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతాయి. రెండు అంగుళాలు తగ్గిస్తే మీ టాక్ (ఆర్‌పీఎం చూపించే మీటరు) 5550 చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఘాట్ రోడ్డులో లాగలేకపోతున్న బండిని కింది గేరులోకి వేసినట్టే, బండి కదులుతుంది కానీ ఇంజన్‌కి ఏమైందో తెలియదు. పెట్రోలు సరిగ్గా అందక ఒక సిలిండర్ లీన్‌గా (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువగా) కాలుతోందనుకోండి, అదే పనిగా ఫుల్ థ్రాటిల్ మీద తిప్పితే పిస్టన్ కరుగుతుంది. ప్రాప్‌కి ఖర్చయ్యే ఆరేడు వందల డాలర్లు ఆ పవర్‌హెడ్ (సిలిండర్లు, పిస్టన్లు ఉండే అసలు ఇంజన్ భాగం) బిల్లు ముందు చిల్లర.

రేంజ్‌లోనే ఉంది కదా అన్న మూడో ఆయనకి కూడా ఒక మాట. ఆ 5000 నుంచి 6000 అనేది ఇంజన్ ఎక్కడ తిరిగినా ఫరవాలేదని కంపెనీ ఇచ్చిన వెసులుబాటు కాదు. మామూలుగా మీరు మోసే బరువుతో, ఫుల్ థ్రాటిల్‌లో ఆ రేంజ్‌లోనే పడేట్టు ప్రాప్ ఎంచుకోమని చెప్పడం. బాస్ బోటు కుర్రాళ్లం ఎవరూ కింది సగంలో ఉంచం. రెండు లైవ్‌వెల్స్ (పట్టిన చేపల్ని బతికించి ఉంచే తొట్లు) నిండా నీళ్లు, ట్యాంక్ ఫుల్, వెనక సీట్లో పార్ట్‌నర్ ఉన్నా 5600 దాటాలని చూస్తాం. అదీగాక నాలుగు నెలల కింద 5850 తిరిగిన ఇంజన్ ఇది. నిన్నటిదాకా తిప్పిన ప్రాప్‌ని ఇవాళ తిప్పలేకపోతే తప్పు ప్రాప్‌ది కాదు.

ఇక వెతుకుదాం. ఒకేసారి నాలుగు మార్చకండి, ఒకటి మార్చి నీళ్లలో పరీక్షించి, రాసుకుని, అప్పుడు రెండోది.

మొదట టాక్ నిజం చెబుతోందో లేదో చూడాలి. మీ విషయంలో జీపీఎస్ స్పీడు కూడా అదే నిష్పత్తిలో పడింది కాబట్టి టాక్ మీద అనుమానం తక్కువే. చదివే మిగతావాళ్లకి చెబుతున్నాను: పాతకాలం ముల్లు టాక్ వెనక పోల్స్ మార్చే చిన్న స్విచ్ ఉంటుంది, అది ఒక గడి జరిగితే అంకెలన్నీ తప్పే. నీటి ఒత్తిడితో పనిచేసే స్పీడోమీటర్‌ని అసలు లెక్కలోకే తీసుకోకండి. గ్రాఫ్‌లో (చేపల్ని చూపించే తెరలో) జీపీఎస్ స్పీడు ఉంటుంది, అదే ప్రమాణం.

రెండోది పైసా ఖర్చులేనిది, ఐదు నిమిషాల పని. అయినా చాలామంది దాటేస్తారు. బోటు ట్రైలర్ మీద ఉన్నప్పుడు, కీ ఆఫ్‌లో, కిల్ స్విచ్ లాన్యార్డ్ (ఊడితే ఇంజన్ ఆగిపోయే తాడు) తీసేసి, ఇంజన్ మూత ఎత్తండి. ఒకరు లోపల కూర్చుని హాట్ ఫుట్ పెడల్‌ని (కాలితో తొక్కే థ్రాటిల్) నిజంగా రేసులో తొక్కినట్టు అడుగుదాకా తొక్కాలి. ఇంకొకరు ఇంజన్ దగ్గర నిలబడి థ్రాటిల్ లింకేజి పూర్తిగా స్టాపర్‌కి తగులుతోందా, థ్రాటిల్ ప్లేట్ పూర్తిగా తెరుచుకుందా చూడాలి. కొత్త కార్పెట్ వేయించిన బోట్లలో పెడల్ కింద మందం పెరిగి అర అంగుళం ముందే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. పెడల్ కింద ఇసుక, ప్లాస్టిక్ ఎరల ముక్కలు, ఒకసారి ఎవరిదో టోపీ కూడా. కేబుల్ బయటి తొడుగు బిగింపు వదులైనా అంతే, పెడల్ అడుగంటినా ఇంజన్ దగ్గర ముప్పాతిక వంతే తెరుచుకుంటుంది. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే కంటితో చూస్తే చాలదు, డయాగ్నస్టిక్ తగిలించి థ్రాటిల్ పొజిషన్ ఎంత శాతం చూపిస్తోందో చదవాలి.

అది బాగుంటే, నీళ్లలోకి వెళ్లి నాకొక్క విషయం చెప్పండి. మీ ప్రశ్నలో ఇది లేదు, దీన్నిబట్టే సగం తేలిపోతుంది. ఫుల్ థ్రాటిల్ కొట్టగానే మొదటి పది, ఇరవై సెకన్లు ఇంజన్ పాతలాగే 5700 దాకా లేచి, తర్వాత మెల్లగా 5200కి జారుతోందా? లేక మొదటి నుంచీ 5200 మీద లేవడమే లేదా?

లేచి జారితే అది పెట్రోలు కొరత, తొంభై శాతం. ఇంజన్ మీద వేపర్ సెపరేటర్ అనే చిన్న గిన్నె ఉంటుంది. ట్యాంక్ నుంచి వచ్చిన పెట్రోలు అందులో నిండుతుంది, హై ప్రెషర్ పంప్ అక్కణ్నుంచి ఇంజెక్టర్లకి తోస్తుంది. గిన్నెలో నిల్వ ఉన్నంతసేపు ఇంజన్ బాగా లాగుతుంది. ఖర్చయ్యేంత వేగంగా నిండకపోతే కాసేపటికి నీరసపడుతుంది. 250 ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 20 గ్యాలన్లకు పైనే తాగుతుంది. దారిలో ఎక్కడ చిన్న ఇరుకు ఉన్నా తక్కువ స్పీడులో తెలియదు, ఫుల్ థ్రాటిల్‌లోనే బయటపడుతుంది.

మొదటినుంచీ లేవకపోతే, హోల్ షాట్ కూడా మందంగా ఉందంటున్నారు కాబట్టి, ఇగ్నిషన్ వైపో, ఆక్టేన్ వైపో, థ్రాటిల్ వైపో అనుమానించాలి. మీరు రాసింది చూస్తే నాకు ఇటువైపే మొగ్గు ఉంది. కానీ పెట్రోలు చూడటం తేలిక కాబట్టి ముందు దాన్నే ముగించేద్దాం.

వెనక హ్యాచ్ తెరిస్తే ఇంధన లైన్‌లో నీళ్లు వేరుచేసే ఫిల్టర్ కనిపిస్తుంది, కారు ఆయిల్ ఫిల్టర్ లాంటి డబ్బా. దాన్ని విప్పి అందులో ఉన్నదంతా ఒక శుభ్రమైన గాజు సీసాలో పోయండి. దగ్గర్లో సిగరెట్, స్పార్క్ ఏవీ ఉండకూడదు, బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేసి మరీ చేయండి. సీసాని పది పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. మంచి పెట్రోలైతే అడుగు నుంచి పై దాకా ఒకే రంగులో, పారదర్శకంగా ఉంటుంది. నీళ్లుంటే అడుగున ఒక గీత గీసినట్టు వేరే పొర కనిపిస్తుంది, సీసాని మెల్లగా వంచితే ఆ పొర పైదానికంటే బద్ధకంగా, విడిగా జరుగుతుంది. తుప్పు రంగు నలుసులు ఉంటే ఫిల్టర్ డబ్బాయే లోపల తుప్పుపట్టిందని అర్థం. నల్లటి సన్న పొరల్లాంటివి కనిపిస్తే ఇంధన గొట్టం లోపలి పొర ఊడి వస్తోంది. అది ప్రమాదకరం, ఎందుకంటే ఊడిన పొర పెట్రోలు పారేటప్పుడు మడతపడి అడ్డుతలుపులా మూసుకుంటుంది. బయటినుంచి చూస్తే గొట్టం కొత్తగానే ఉంటుంది.

ఇక్కడ ఇథనాల్ గురించి ఒక ముక్క. అమెరికాలో బంకుల్లో దొరికే పెట్రోలు చాలావరకు పది శాతం ఇథనాల్ ఉన్న ఈ10. అవుట్‌బోర్డులు దాన్ని భరిస్తాయి. కానీ ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఓ హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకి దిగిపోతాయి. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ తగ్గుతుంది. వేసవంతా డాక్‌లో ఉన్న బోటులో సగం ట్యాంక్ ఉంచి ఉంటే ఇది జరిగే అవకాశం ఉంది. ఈ15ని మాత్రం ముట్టుకోకండి, చాలాచోట్ల పంపు మీద 88 అని రాసి, రెగ్యులర్ కంటే కాస్త చౌకగా అమ్ముతారు. బోటు ఇంజన్లలో వాడటం చట్టప్రకారం కూడా నిషిద్ధం. బోటుని ట్రైలర్ మీద పెట్టుకుని దారిలో కారుతోపాటు దానికీ కొట్టించేటప్పుడు ఈ పొరపాటు ఇట్టే జరిగిపోతుంది. మీ మాన్యువల్ 89 ఆక్టేన్ వాడమంటే 87తో సరిపెట్టుకోకండి. నాక్ సెన్సర్ ఉన్న ఇంజన్ ఆక్టేన్ చాలకపోతే తనను తాను కాపాడుకోవడానికి టైమింగ్‌ని వెనక్కి జరుపుతుంది, చప్పుడు చేయకుండా పవర్ తగ్గించేస్తుంది.

తర్వాత ప్రైమర్ బల్బ్, అంటే ఇంధన గొట్టంలో చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడ్డి. ఫుల్ థ్రాటిల్‌లో అర నిమిషం నడిపి, మెల్లగా ఆపి, ఇంజన్ ఆఫ్ చేసిన వెంటనే హ్యాచ్ ఎత్తి బల్బ్ చూడండి. పరుగులో ఉండగా హ్యాచ్ ఎత్తొద్దు. బల్బ్ లోపలికి పీక్కుపోయి చప్పిగా ఉంటే దానికి వెనక, అంటే ట్యాంక్ వైపు అడ్డు ఉంది: ట్యాంక్ గాలి గొట్టం, యాంటీ సైఫన్ వాల్వ్ (పెట్రోలు తనంతట తాను కారిపోకుండా ఆపేది), ట్యాంక్ లోపలి పికప్ జాలీ. గాలి గొట్టం సంగతి తేల్చడం చాలా సులువు. పెట్రోలు మూత వదులు చేయగానే ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వస్తే గొట్టం మూసుకుపోయినట్టే. టెక్సాస్‌లో మట్టితో గూళ్లు కట్టే కందిరీగలకి బోటు పక్కన ఉండే ఆ చిన్న రంధ్రమంటే ప్రాణం. సన్నటి తీగతో పొడిస్తే ఎర్రమట్టి పొడి రాలుతుంది.

బల్బ్ బాగానే ఉన్నా అనుమానం తీరకపోతే అసలైన పరీక్ష వేరే ట్యాంక్. ఆరు గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంక్‌లో కొత్త పెట్రోలు పోసి, కదలకుండా కట్టి, బోటు ట్యాంక్‌కి బదులు దాన్ని ఇంజన్‌కి తగిలించి పరుగెత్తించండి. గొట్టం మాత్రం లోపలి వ్యాసం 3/8 అంగుళం ఉన్నదే వాడాలి. చిన్న మోటార్లతో వచ్చే 5/16 గొట్టం తగిలిస్తే అదే అడ్డవుతుంది, లేని రోగం కనిపిస్తుంది. ఈ ట్యాంక్‌తో 5700 వచ్చిందంటే తప్పు బోటులో ఉంది, ఇంజన్‌లో లేదు. రాలేదంటే ఇంజన్‌లో ఉంది. మెకానిక్‌కి గంటకి ఇంత అని కట్టేముందు ఈ ఒక్కటి తేల్చుకుంటే మీ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

ఇంజన్‌లో ఉందని తేలితే స్పార్క్ ప్లగ్గుల దగ్గరికి రండి. ఆరూ తీసి, ఏ సిలిండర్‌ది ఏదో వరసలో పెట్టుకోండి. ఐదు లేత గోధుమరంగులో ఉండి ఒకటి నల్లగా తడిగా ఉంటే ఆ సిలిండర్ మండటం లేదు. ఒకటి తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే అది లీన్‌గా కాలుతోంది, ఇంక ఆ బోటుని ఫుల్ థ్రాటిల్‌లో నడపకండి. నల్లగా ఉన్నదాని కాయిల్‌ని (ప్లగ్గుకి స్పార్క్ కరెంటు ఇచ్చేది) పక్క సిలిండర్ కాయిల్‌తో మార్చి చూడండి. జబ్బు కాయిల్‌తోపాటు పక్కకి జరిగితే కాయిల్ కొనుక్కోవాలి. ఇంజన్ నడుస్తుండగా ఇగ్నిషన్ వైర్లు చేత్తో పీకడం లాంటి పాత కిటుకులు వద్దు, ఇప్పటి కాయిల్స్ కొట్టే షాక్ వేరు.

కంప్రెషన్ గురించి ఎక్కువ చెప్పను. ప్లగ్గులు తీసే ఉంటాయి కాబట్టి గేజ్ పెట్టి చూసేయండి. అంకె ఎంతన్నదానికంటే ఆరూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి మిగతావాటికంటే పది పదిహేను శాతం మించి తక్కువుంటే ఇక్కడ ఆగి మంచి మెకానిక్‌ని పట్టుకోండి.

మెకానిక్ దగ్గరికి వెళ్తే డయాగ్నస్టిక్ తగిలించి రిపోర్ట్ ప్రింట్ అడగండి. ఫాల్ట్ కోడ్స్ కోసం మాత్రమే కాదు. ఈ తరం ఇంజన్ల కంప్యూటర్లు ఏ ఆర్‌పీఎం పరిధిలో ఎన్ని గంటలు తిరిగాయో దాచిపెడతాయి. సెకండ్ హ్యాండ్ బోటు కొనేవాళ్లందరూ డబ్బు ఇవ్వకముందే చూడాల్సిన పేజీ అది. ఇంజన్ వేడెక్కో, ఆయిల్ ప్రెషర్ పడిపోయో తనంతట తాను పవర్ తగ్గించుకుందా అనేది కూడా అందులో తెలుస్తుంది. మామూలుగా అలా జరిగితే హారన్ మోగుతుంది, ఆర్‌పీఎం కూడా 5200 కంటే బాగా కిందికి పడుతుంది. కీ ఆన్ చేసినప్పుడు ఆ హారన్ ఒకసారి కూత పెడుతోందో లేదో గమనించండి, పాత యజమాని వైరు పీకేసి ఉంటే మీకు హెచ్చరిక వినపడదు.

ఇంజన్ బాగుపడి ఏప్రిల్ అంకెలు తిరిగొచ్చాక అప్పుడు ప్రాప్ గురించి మాట్లాడుకుందాం. మీకు నాలుగు రెక్కల మీద మనసుందని రాశారు కాబట్టి చెబుతున్నాను.

ముందు ఉన్న ప్రాప్‌ని విప్పి చూడండి. లాన్యార్డ్ తీసేసి, కీ జేబులో పెట్టుకుని, చేతికి తోలు గ్లౌజులు వేసుకుని, రెక్కకీ పైనున్న ప్లేట్‌కీ మధ్య చెక్కముక్క అడ్డంపెట్టి నట్ విప్పాలి. ఫోర్క్ కట్టినప్పుడు చాలాచోట్ల చెట్లు నరకకుండానే నీళ్లు నింపారు, మోడులు చాలావరకు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, బోటు లేన్ (బోట్ల కోసం చెట్లు తీసేసిన దారి) దాటితే ఎప్పుడో ఒకప్పుడు తగలక మానదు. అందుకే చేపలు అంత పెరుగుతాయి లెండి, 1992లో పట్టిన 18.18 పౌండ్ల టెక్సాస్ రికార్డు బాస్ కూడా ఈ చెరువుదే. రెక్క ముందంచు వెంబడి గోరుతో రాస్తూ వెళ్లండి. గోరు తట్టుకునేంత నొక్కు ఉన్నా ఫుల్ స్పీడులో అక్కడ నీరు పట్టు వదులుతుంది. ప్రాప్ తీశాక షాఫ్ట్ మీద చుట్టుకున్న గాలం దారం ఉందేమో చూడండి. బ్రెయిడ్ లైన్ అయితే సీల్‌ని కోసేస్తుంది, నీళ్లు గేర్‌కేస్‌లోకి దిగుతాయి. గేర్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆలస్యం చేయకుండా సీల్స్ మార్పించాలి. బిగించేటప్పుడు థ్రస్ట్ వాషర్ సరైన వైపు తిరిగి ఉందా చూసుకుని, మాన్యువల్ చెప్పిన టార్క్‌కి బిగించండి.

హబ్ మీద అనుమానం ఉన్నవాళ్లకి: ప్రాప్ లోపలి హబ్‌కీ బయటి గొట్టానికీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి, గట్టిగా రెండు మూడు హోల్ షాట్లు కొట్టండి. గీత తెగి రెండు ముక్కలు పక్కకి జరిగితే హబ్ పోయింది. కానీ అప్పుడు ఆర్‌పీఎం పైకి ఎగిరి స్పీడు రాదు. మీది తద్విరుద్ధం.

పాత ప్రాప్ కొంటుంటే మీద కొట్టిన పిచ్ అంకెని గుడ్డిగా నమ్మకండి. మధ్యలో ఎవరో రిపేర్ చేయించి ఉంటారు, చివరంచు వంపు, అదే కప్ అంటాం, పెంచి ఉంటారు. కప్ పెరిగితే పిచ్ పెరిగినట్టే ఆర్‌పీఎం తగ్గుతుంది. మంచి ప్రాప్ షాపులో కంప్యూటర్ మీద కొలిచి రెక్కలన్నీ ఒకేలా ఉన్నాయా చెబుతారు.

ఇంజన్ ఎత్తు చాలామంది పట్టించుకోరు. బోటుని సమంగా నిలబెట్టి, అడుగున ప్యాడ్ (బోటు అడుగు మధ్యలో వెనకవైపు ఉండే చదునైన పట్టీ) వెంబడి ఒక తిన్నని బద్ద వెనక్కి వచ్చేలా పెట్టి, అక్కణ్నుంచి ప్రాప్ షాఫ్ట్ మధ్యకి కొలవండి. ఇరవై అడుగుల ప్యాడ్ బోటుకి షాఫ్ట్ ప్యాడ్ కంటే మూడు, మూడున్నర అంగుళాలు కింద ఉండటం మంచి మొదలు. జాక్ ప్లేట్‌తో (ఇంజన్‌ని పైకి, కిందికి జరిపే బిగింపు) పావు అంగుళం చొప్పున పైకి ఎత్తుకుంటూ, ఒక్కో ఎత్తులో ఆర్‌పీఎం, జీపీఎస్ స్పీడు, నీటి ప్రెషర్ మూడూ రాసుకోండి. పైకి వెళ్లేకొద్దీ లోయర్ యూనిట్ నీటిలో ఈడ్చుకుపోవడం తగ్గి ఆర్‌పీఎం, స్పీడు రెండూ పెరుగుతాయి. ఒక ఎత్తు దాటాక ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగదు, మలుపులో ప్రాప్ పట్టు వదిలేస్తుంది. అక్కణ్నుంచి ఒక మెట్టు కిందికి దించండి. నీటి ప్రెషర్ కంపెనీ చెప్పిన కనీసానికి దిగుతోందంటే స్పీడు ఎంత ఊరించినా అక్కడే ఆగాలి.

ట్రిమ్, అంటే ఇంజన్‌ని లోపలికో బయటికో వంచే కోణం, కూడా అంతే. పూర్తిగా లోపలికి పెట్టి ఫుల్ థ్రాటిల్ కొట్టి 5200 వచ్చిందంటే అది కొలత కాదు. బోటు ప్లేన్ అయ్యాక (నీటి మీదికి లేచి జారుతూ పరుగెత్తడం మొదలయ్యాక) మెల్లగా బయటికి ట్రిమ్ చేస్తూ, ముక్కు తేలి స్టీరింగ్ తేలికయ్యేదాకా వెళ్లి, ఆ అంకె రాసుకోండి. బోటు పక్కలకి ఊగడం మొదలుపెడితే, చైన్ వాక్ అంటారు, ఇంకా ట్రిమ్ చేసి గెలుద్దామని చూడకండి. కొంచెం లోపలికి ట్రిమ్ చేసి మెల్లగా పెడల్ వదలండి. ఈ పరీక్షలన్నిటిలో లాన్యార్డ్ ఒంటికి తగిలించుకునే ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి 26 అడుగుల లోపు బోట్లకి ఫెడరల్ చట్టం కూడా అదే అంటోంది.

ఇక మూడు రెక్కలా నాలుగా. ఫోర్క్‌లో మోడుల మధ్య ఆగుతూ, లేస్తూ, మధ్యాహ్నం గాలికి లేచిన అలల్లో నడిపేవారికి నాలుగు రెక్కలే సుఖం. త్వరగా ప్లేన్ అవుతుంది, తక్కువ స్పీడులో కూడా ప్లేన్ వదలకుండా నిలబడుతుంది, మలుపులో పట్టు ఉంటుంది. టాప్ స్పీడు ఒకటి రెండు మైళ్లు పోవచ్చు. అదే పిచ్‌లో మూడు నుంచి నాలుగుకి వెళ్తే 50 నుంచి 100 ఆర్‌పీఎం తగ్గుతాయి కాబట్టి ఒక అంగుళం పిచ్ తగ్గించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మీ ఇంజన్‌కి 24 పిచ్ నాలుగు రెక్కలది నా ఓటు. 23 అయితే చన్నీటి కాలంలో ఒక్కడే ఉన్నప్పుడు 6000 దాటి, ఆర్‌పీఎం మించకుండా ఆపే లిమిటర్‌కి తగులుతుంది. కొనేముందు డెమో ప్రాప్ ఇచ్చే షాపులు ఉంటాయి, డిపాజిట్ కట్టి తీసుకెళ్లి మీ బరువులతో, మీ చెరువులో చూసుకోండి. లైవ్‌వెల్స్ నింపే పరీక్షించండి. 50 గ్యాలన్ల నీళ్లంటే 400 పౌండ్లకు పైనే, ఖాళీ బోటుతో తీసుకున్న అంకె టోర్నమెంట్ రోజున పనికిరాదు.

ఈ వారాంతం వెళ్లగలిగితే పెడల్ తొక్కి థ్రాటిల్ చూడటం, గాజు సీసా, ఫుల్ థ్రాటిల్‌లో లేచి జారుతోందా లేదా అన్నది, ఈ మూడూ చేసి రాయండి. సీసా ఫొటో వెలుతురుకి ఎదురుగా పెట్టి తీయండి. జారకుండా మొదటినుంచీ 5200 దగ్గరే ఉంటే పెట్రోలు లైన్ల జోలికి పోకుండా ఆరు ప్లగ్గులూ వరసగా పేర్చిన ఫొటో పెట్టండి, అక్కణ్నుంచి చూద్దాం.